చవితి నాడు వచ్చిన అమావాస్య

ఆ రోజుల్లో నా దగ్గర ప్రతి పనికీ ఒక తేదీ, ప్రతి తేదీకీ ఒక గంట ఉండేవి. అవి లేని మనుషులు ఎలా బతుకుతున్నారా అని జాలిపడేదాన్ని. 1999 మార్చి ఆఖరున హిందూపురం టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పదకొండేళ్ల ఉద్యోగం మానేసి, పెనుకొండలో ఇంటి దగ్గరే పట్టుచీరలకు డిజైన్ గ్రాఫులు గీసే పని పెట్టుకున్నాను. (గళ్ల కాగితం మీద ఒక్కో గడి నింపుతూ పువ్వో నెమలో గీస్తే, దాన్ని చూసి అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టలు మగ్గం ఎక్కితే పువ్వు చీరలో పడుతుంది.) ఇలా సొంతంగా పని చేసుకునేవాళ్లను ఇప్పుడు ఫ్రీలాన్సర్లు అంటున్నారు. అప్పుడు మా వీధిలో "పాపం, ఉద్యోగం పోయిందంట" అనేవాళ్లు.

ఏప్రిల్‌లో మా తమ్ముడు బెంగళూరు నుంచి ఒక డిజిటల్ డైరీ తెచ్చిచ్చాడు. అరచేతంత పెట్టె, శనగగింజలంత మీటలు. ఏ రోజు ఏ పనో రాసిపెడితే వేళకు కుయ్‌మని గుర్తుచేస్తుంది. "అక్కా, ఇంక నువ్వేమీ గుర్తుపెట్టుకోబల్లేదు" అన్నాడు. దానితో వచ్చిన చిన్న పుస్తకాన్ని రెండుసార్లు చదివి, రైళ్ల వేళలు, గ్రాఫుల గడువులు, చివరికి పాలు తోడు వేసే వేళ కూడా అందులో ఎక్కించాను. అది కుయ్‌మంటే తప్ప పాలు తోడుకోవన్నట్టు ఉండేది నా ధోరణి.

జూలై 13, మంగళవారం, అమావాస్య. ఆ రోజు ధర్మవరంలో మగ్గాలు ఆడవు కాబట్టి నేతగాళ్లకు మాట్లాడే తీరిక ఉంటుంది. నాకు తెలిసిన ఒక మగ్గం ఇంటికి పోయాను. ఇంటాయన హంసల అంచుకు గ్రాఫు కావాలన్నాడు. ఇది కుదిరితే ఏడాదంతా తన మగ్గాలకు నన్నే గీయమంటానన్నాడు. ఉద్యోగం మానేసిన మూడున్నర నెలల్లో నాతో ఎవరూ అంత పెద్ద మాట అనలేదు. గడువు మాత్రం ఆయన తల్లి చెప్పింది. ఆమెను ఆ వీధంతా అవ్వ అనే పిలిచేది.

"దీని తర్వాత రెండో అమావాస్యకి మగ్గం మీది వార్పు దారమంతా అయిపోతాది. మర్నాడు అట్టలు కొట్టేవాడు వస్తాడు. అప్పటికి గ్రాఫు ఈడ ఉండాల."

"తేదీ చెప్పవ్వా, రాసుకుంటాను."

"తేదీతో నాకేం పనమ్మా. అమావాస్య అదే వస్తాది కదా."

నేను లోలోపల నవ్వుకుని పెట్టె తెరిచాను. అమావాస్య అని రాసి ఆ రోజు తేదీ వేస్తే, ఒక్కసారేనా, వారం వారమా, నెల నెలా రావాలా అని అడిగింది. ఎంత బుద్ధిగల యంత్రం అని మురిసిపోయి, నెల నెలా అని నొక్కాను. ఆగస్టు 13, సెప్టెంబరు 13 చక్కగా వరసలో కూర్చున్నాయి. గ్రాఫులో నలభై ఎనిమిది వేల గడులు. జూలై 15 నుంచి రోజుకు ఎనిమిది వందల చొప్పున అరవై రోజులు, అంటే సెప్టెంబరు 12కి పూర్తి. 13నే, అట్టలు కొట్టేవాడు రావడానికి ఒక రోజు ముందే ఇచ్చి అవ్వకు తేదీ అంటే ఏమిటో చూపించాలనుకున్నాను.

ఆగస్టు 11న సూర్యగ్రహణం వచ్చింది. సూర్యగ్రహణం అమావాస్య నాడే వస్తుందని నాకు తెలుసు. ఆవకాయ జాడీ మీద గరిక వేసి, తలుపులు మూసుకుని కూర్చున్నాను కూడా. పెట్టెలో మాత్రం అమావాస్య ఇంకా రెండు రోజులుంది. నేను సందేహించలేదు. (సందేహించి ఉంటే గ్రహణాన్నే సందేహించేదాన్నేమో.)

సెప్టెంబరు 13, సోమవారం. తెల్లవారుజామున లేచి ఉండ్రాళ్లు చేశాను, వినాయకుడికి పూజ చేశాను, గ్రాఫు చుట్టి సంచిలో పెట్టుకుని ధర్మవరం రైలెక్కాను. పక్క సీటులో ఒకాయన ఒళ్లో మట్టి వినాయకుణ్ణి పెట్టుకుని కూర్చున్నాడు. నా ఒళ్లో అవ్వకని తెచ్చిన ఉండ్రాళ్ల డబ్బా. చవితి అంటే అమావాస్య అయిన నాలుగో రోజని లెక్కపెట్టడానికి నాలుగు వేళ్లు చాలు. పదకొండేళ్లు పిల్లలకు ఒక్క అక్షరం తప్పినా మార్కులు కోసినదాన్ని, నాకు ఆ నాలుగు వేళ్లు గుర్తు రాలేదు.

అవ్వ వినాయకుడికి గొడుగు పెడుతూ ఉంది. ఒక రోజు ముందే తెచ్చాను చూడు అని గ్రాఫు చేతికిచ్చాను. సరిగ్గా పది గంటలకు సంచిలోంచి పెట్టె కుయ్‌మంది.

"ఏమంటాదమ్మా అది?"

"ఈరోజు అమావాస్య అంటోంది అవ్వా."

అవ్వ నా వైపు చూసింది, వినాయకుడి వైపు చూసింది. "అట్లయితే ఈయప్పను ఏం చేద్దాం? నాలుగు దినాలాగి రమ్మందామా?"

ఇంటాయన నవ్వలేదు. లోపలికి పిలుచుకుపోయి మగ్గం చూపించాడు. "గురువారం అమావాస్య. శుక్రవారం అట్టలోడు వచ్చి చూసి పాయ. అప్పటినుంచీ ఊరికే ఉండాది. ఇంక వాడు నిమజ్జనం అయినాకనే దొరికేది."

ఆ గురువారం తేదీ తొమ్మిది తొమ్మిది తొంభై తొమ్మిది. గుర్తుపెట్టుకోవడానికి అంతకంటే సులువైన తేదీ నా జన్మలో రాలేదు. లెక్క తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఏడాది పని మాట నేనెత్తలేదు, ఆయనా ఎత్తలేదు. గ్రాఫు పరిచి గడి గడి చూస్తూ ఉండిపోయాడు. ఉండ్రాళ్ల డబ్బా అక్కడే పెట్టి చెప్పులు వేసుకుంటుంటే అవ్వ పిలిచింది.

"హంసలు బాగుండాయి. నువ్వు గీసేది గీసుకో. దినాలు లెక్కపెట్టేది మాత్రం నాకిడిసిపెట్టు."

కొడుకు తలెత్తలేదు గానీ కాదనలేదు. అప్పటినుంచి నెల నెలా, రైల్లో పూలమ్మే ఆమెతో పెనుకొండకు కబురొచ్చేది: "అమావాస్య ఇంక ఐదు దినాలుండాదంట." నేను నమ్మినట్టే ఉండి, ప్రతి కబురునీ అదే పెట్టెలో అవ్వ పేరు కింద ఎక్కించేదాన్ని. 2006లో అవ్వ పోయాక కూర్చుని లెక్కపెట్టాను. ఏడేళ్లు, ఏడు పన్నెండ్లు ఎనభై నాలుగు ఉండాలి. నడుమ వచ్చిన రెండు అధిక మాసాలతో కలిపి ఎనభై ఆరు ఉన్నాయి. ఒక్కటీ తప్పు లేదు.

ఇప్పుడు నా ఫోను తిథి, నక్షత్రం, వర్జ్యం అన్నీ చెబుతుంది. అయినా ప్రతి చవితికీ ఉండ్రాళ్లు చేస్తుంటే, వినాయకుడి పక్క సీటులో కూర్చుని అమావాస్యకు ప్రయాణం చేసిన ఆ ముప్పై మూడేళ్ల మనిషి గుర్తొస్తుంది. వెళ్లి భుజం తట్టి చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదు. రాసిపెట్టుకుంది కదా.