పురుగులింటి కుంపటి

ఒక విషయం చాలా ఏళ్లుగా నాతో ఉంది. బరువు అనొచ్చు. కానీ బరువైతే ఎక్కడో ఒకచోట దించి, కాసేపు కూర్చుని, మళ్లీ ఎత్తుకోవచ్చు. ఇది కూర్చోనివ్వదు. ఈ నాలుగు మాటలు రాసేలోపే రెండుసార్లు లేచి గదిలో తిరిగి వచ్చాను.

డైరీ రాసే అలవాటు నాకు కుర్రతనం నుంచీ ఉంది. వాన పడిందా, ఎవరు వచ్చారు, ఏ పుస్తకం చదివాను, ఒంట్లో ఎలా ఉంది, అన్నీ రాసుకున్నాను. క్రమం తప్పని మనిషినని ఆఫీసులో పేరు. అలాంటివాణ్ని ఈ ఒక్క సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. నా పేరు అడగవద్దు. మా ఊరు హిందూపురం చుట్టుపక్కల పల్లెల్లో ఒకటి అనుకోండి, చాలు.

యాభైల చివరి సంవత్సరాలు. మా ఇంట్లో పట్టుపురుగులు మేపేవాళ్లం. గుడ్లు హిందూపురం నుంచి వచ్చేవి, పంట చేతికొచ్చాక, పురుగులు కట్టిన పట్టుగూళ్లు మళ్లీ హిందూపురానికే పోయేవి. ఇంటి వెనక విడిగా ఒక మట్టిగోడల గది. దాన్ని పురుగులిల్లు అనేవాళ్లం. వెదురు తట్టల్లో, సన్నగా తరిగిన మల్బరీ ఆకు మీద, పిల్లపురుగులు పాకుతూ ఉండేవి. వాటికి చలి పనికిరాదు. అందుకని చలికాలంలో రాత్రంతా ఆ గదిలో మట్టికుంపటి ఉండాలి. మంట లేవకూడదు, నిప్పు ఆరకూడదు. పొద్దుగూకినప్పుడు ఎంత వేడి ఉందో తెల్లవారేటప్పుడూ అంతే ఉండాలి.

ఆ పని నాది. ఎస్సెస్సెల్సీ పాసై, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. కుంపటి పెట్టడంలో నాకొక పద్ధతి ఉండేది. అడుగున బూడిద పరిచి, చింతబొగ్గు పెద్ద ముక్కలు దగ్గరదగ్గరగా పేర్చి, నడుమ నిప్పు పెట్టి, పైన జల్లించిన బూడిద కప్పేవాణ్ని. బూడిద మందమైతే నిప్పుకు ఊపిరాడదు. పలచనైతే బొగ్గంతా తొందరగా కాలిపోయి, తెల్లవారుజామున, అసలు చలి మొదలయ్యే వేళకు, కుంపటి చల్లబడుతుంది. పైన అరచెయ్యి పట్టి చూసి ఇంత అని తెలుసుకోవాలి. గోడకు థర్మామీటరు వేలాడేది. మా నాయన దాన్ని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. "మావాడు కుంపటి పెట్టినాడంటే పాదరసం పండుకుంటాదప్పా, కదల్దు" అనేవాడు. ఆ మాట కోసం నేను రాత్రంతా మేలుకునేవాణ్ని.

కుంపటి విషయంలో ఇంట్లో అందరికీ తెలిసిన కట్టుబాటు ఒకటుంది. బొగ్గును పెరట్లో రాజేయాలి. నీలిమంట పోయి, ఘాటు పోయి, ముక్కంతా ఎర్రబడ్డాకే లోపలికి తేవాలి. రాజని బొగ్గు లోపల వేయకూడదు. గోడ పైభాగాన ఉన్న చిన్న కిటికీ మూయకూడదు. పురుగుకూ గాలి కావాలి, మనిషికీ కావాలి.

ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. నెలలో ఆడవాళ్లు బయట ఉండే రోజుల్లో ఆ గది గడప తొక్కకూడదు. తొక్కితే పురుగు కుళ్లిపోతుందని నమ్మకం. మా నాయన తల్లిని అవ్వ అనేవాళ్లం. ఈ విషయంలో ఆమెను దాటి ఎవరూ పోలేరు.

మా అన్న భార్య పుట్టమ్మ. కన్నడదేశం అంచున ఉన్న రొళ్ల వైపు పిల్ల. మామూలుగా తెలుగు, కోపమొస్తే కన్నడం. పెళ్లయి కొన్నేళ్లయినా పిల్లలు కలగలేదని అవ్వ సాధిస్తుండేది. వదిన నవ్వి ఊరుకునేది. నన్ను మాత్రం వదిలిపెట్టేది కాదు. "ఏమప్పా కుంపటిస్వామీ, నీకు పెండ్లామొస్తే ఆయమ్మకు గూడా ఇంత బూడిద కప్పి పండుకోబెడతావేమో" అనేది. నాకు సిగ్గేసేది. ఇంట్లో నాతో అలా పరిహాసమాడే మనిషి ఆమె ఒక్కతే.

ఆ రాత్రి చలి విపరీతంగా ఉంది. పురుగులు నిద్రకు కూర్చున్నాయి. అంటే మేత మాని, తలలు పైకెత్తి, కుబుసం విడవడానికి కదలకుండా ఉన్నాయి. ఆ సమయంలో వాటికి వేడి తగ్గకూడదు. మర్నాడు పక్క ఊరి రైతులు మా పురుగును చూడటానికి వస్తున్నారని నాయన చెప్పాడు. చూస్తుండగా పాదరసం దిగడం మొదలుపెట్టింది. సాయంత్రం బొగ్గు తక్కువ వేశానని అప్పుడు అర్థమైంది. బయటికి వెళ్లి కొత్త బొగ్గు రాజేసుకు రావాలి. చలిగాలి. ఒళ్లు వంగలేదు. ఇంతకంటే పెద్ద కారణమేదైనా ఉందా అని ఎన్నోసార్లు వెతుక్కున్నాను. లేదు. బద్ధకం, అంతే. గోతంలోని బొగ్గును అలాగే తీసి కుంపటిలో పోశాను. పైకిటికీలో గోనెసంచి కుక్కాను. పాదరసం మళ్లీ లేచింది. చాలా తృప్తిగా అనిపించింది. గోడకు ఆనుకుని కూర్చున్నాను.

కొంతసేపటికి తల దిమ్మెక్కింది. లేవబోతే కాళ్లు సహకరించలేదు. పక్కకు ఒరిగిపోయాను. అరవాలని నోరు తెరిస్తే గురక లాంటిది ఏదో వచ్చింది.

వదిన ఆ రోజుల్లో బయట ఉంది. పురుగులింటిని ఆనుకున్న పంచలో ఒక్కతే పడుకుని ఉంది. ఆ గురక ఆమె చెవిన పడింది. తలుపు దగ్గరికి వచ్చి "ఏమప్పా, ఏమప్పా" అని పిలిచింది. నాకు వినిపించింది. తర్వాత కాసేపు ఏ చప్పుడూ లేదు. గడప అవతల ఆమె ఆగిపోయిన ఆ కాసేపటి గురించి నేను ఆలోచించినంతగా నా పెళ్లి గురించి, నా ఉద్యోగం గురించి కూడా ఆలోచించి ఉండను. లోపల అడుగు పెడితే తనకేమవుతుందో ఆమెకు తెలుసు. పెట్టింది. నా చంకల కింద చేతులు వేసి పెరట్లోకి ఈడ్చింది. ఈడ్చినంతసేపూ కన్నడంలో తిడుతూనే ఉంది. మళ్లీ లోపలికి పోయి కిటికీలోని గోనె లాగేసి, ఆ గోనెతోనే కుంపటిని పట్టుకొచ్చి దూరంగా విసిరేసింది. అది పగిలిన చప్పుడు విన్నాను. కళ్లు తెరవలేకపోయాను గానీ నాకు తెలివి ఉంది.

ఇంటిల్లిపాదీ లేచి వచ్చారు. తెల్లవారేసరికి తట్టల్లో పురుగులు మెత్తబడి పడి ఉన్నాయి. పంట పోయింది. నన్ను నులకమంచం మీద పడుకోబెట్టారు. అమ్మ నా అరికాళ్లు రుద్దుతోంది. నా చుట్టూ మాటలు నడుస్తున్నాయి.

"బయటుండి లోపలికి పోయినావా ల్యాదా? ఆ ఒక్కటి చెప్పు" అంది అవ్వ.

"పోయినా. పోకుంటే ఈయప్ప ఈ పొద్దు పాడె మీద ఉండేటోడు. కిటికీలో గోనె కుక్కినాడు అవ్వా. పచ్చి బొగ్గు పోసినాడు. దానికే సచ్చినాయి పురుగులు."

"గోనె నువ్వు సూసినావు. ఇంగెవురు సూసినారు?"

వదిన అన్నవైపు చూసిందట. అన్న చచ్చిన పురుగుల తట్టలు బయటికి మోయడం మొదలుపెట్టాడట. నాయన నా మీదికి వంగాడు.

"కిటికీ నువ్వే మూసినావేమిరా?"

"నాకేం గ్యాపకం ల్యా నాయనా" అన్నాను.

అప్పుడు నన్ను వెనకేసుకొచ్చింది ఎవరో తెలుసా? వదినే. "బొగ్గు ఘాటు తలకెక్కినాక గ్యాపకం యాడుంటాది? తేరుకోనీండి. తేరుకుంటే వాడే చెప్తాడు" అంది.

తేరుకున్నాను. చెప్పలేదు.

ఆ వారంలోనే అన్న ఆమెను బండెక్కించి రొళ్లలో దింపి వచ్చాడు. కొన్నాళ్లు పోనిచ్చి తీసుకొస్తానన్నాడు. బండి కదలబోతుంటే ఆమె నావైపు తిరిగి "ఇంగ కిటికీ తెరిసి పెట్టుకోప్పా" అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే నా మంచికే చెప్పింది. ఎత్తిపొడుపు అయినా బాగుండేది.

ఆమెను తీసుకురాలేదు. గొడ్రాలు, పైగా పంటను పొట్టన పెట్టుకుంది, అని అవ్వ ఊరంతా అంది. మరుసటి సంవత్సరం అన్నకు గుడిబండ నుంచి మరో పిల్లను తెచ్చారు. ఆ పెళ్లిలో నేను వడ్డించాను. తర్వాత పెనుకొండలో ఉద్యోగం వచ్చి, ఊరు వదిలాను.

ఎందుకు చెప్పలేదు? నాయన కొడతాడనా? ఆయన జీవితంలో నా మీద చెయ్యెత్తలేదు. పురుగు ఎందుకు చచ్చిందో నాకు తెలియకనా? నేను చదువుకున్నవాణ్ని, అవ్వ నమ్మకం వట్టిదని ఆ ఇంట్లో అందరికంటే బాగా తెలిసినవాణ్ని. మరి? పాదరసం కదలదన్న ఆ మాట నాయన నోట ఇక వినపడదని. రాస్తుంటే ఇంత చిన్నదిగా ఉంది. ఒక మనిషి కాపురానికి ఇది సరితూగుతుందా అని నన్ను నేనే అడుగుతాను, జవాబు రాకముందే ఏదో పని కల్పించుకుని లేచిపోతాను. తర్వాత అన్నకు కొడుకులు పుట్టారు. ఇప్పుడు నిజం చెబితే ఆ పిల్లల తల్లి పరిస్థితి ఏమిటి అనుకున్నాను. ఈ సాకు నాకు చాలాకాలం అక్కరకొచ్చింది. వాళ్ల కోసం నోరు మూసుకున్నట్టు కూడా కొన్నిసార్లు నమ్మాను.

ఇక్కడితో అయిపోయి ఉంటే, కుర్రతనం, భయం అని సర్దుకుని ఉండేవాణ్నేమో. అసలు సంగతి ఇంకా ఉంది.

అరవైల్లో నేను ధర్మవరంలో పనిచేసేవాణ్ని. పని మీద హిందూపురం వచ్చి, సాయంత్రం బస్సు కోసం నిలబడ్డాను. ఎవరో భుజం తట్టారు.

"గుర్తు పట్టల్యా? కుంపటిస్వామివి కదూ నువ్వు?"

"వదినా" అన్నాను.

"వదిన యాడిదిలే ఇంగ. బాగుండావా? యాడ ఉద్యోగం?"

"ధర్మవరం. నువ్వో?"

"మా తమ్మునింట్లో. పురుగులు మేపుతాండాం. ఈ పొద్దే గూళ్లు అమ్మినాం." నవ్వింది. "నా చేతిలో పురుగు సావల్యా అప్పా ఇంతవరకూ."

నేను నేల చూశాను. ఆమె చేతిలోని ఖాళీ బుట్టను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"ఒగ మాట అడుగుతా, ఏమనుకోవద్దు. ఆ పొద్దు నీకు నిజ్జంగానే గ్యాపకం ల్యాకపాయెనా?"

పొద్దు వాలుతోంది. అన్నకు మళ్లీ పెళ్లి అయిపోయింది, అవ్వ చనిపోయింది, నేను ఊరు వదిలాక నాయన ఆ పాదరసం మాట అనడమే మానేశాడు. నేను కాపాడుకోవలసింది ఏమీ మిగల్లేదు. నిజం చెబితే ఆమె తిట్టేది, ఉమ్మేసేది, అంతకంటే ఏమీ లేదు. ఆమె అడుగుతున్నది కూడా కాపురం కాదు, ఒక్క జవాబు.

"ల్యా వదినా. ఈ పొద్దుకీ ఏమీ గ్యాపకం ల్యా."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. ముఖం తేటపడింది.

"అదే అనుకున్న్యా. మా తమ్ముడు అంటాంటాడు, ఆ నాయాలికి అంతా తెలుసు, కావాల్నే నోరు మూసుకున్న్యాడని. నేనే కొట్లాడతా వానితో. తెలిసుంటే చెప్పకుండా ఉంటాడా, అట్లాంటోడు కాదు ఆ పిల్లోడు అంటా."

బస్సు వచ్చింది. ఎక్కాను. ఆమె కిటికీ దగ్గరకొచ్చి, మీ అమ్మను అడిగినానని చెప్పు అంది. సరేనన్నాను. అదీ చెప్పలేదు.

ఆ జవాబుతో నేనేం చేశానో ధర్మవరం చేరేలోపే అర్థమైంది. ఇంటికి పోయి ఆమె తమ్ముడితో అంటుంది: సూసినావా, నేను చెప్పల్యా? గెలిచాననే అనుకుంటుంది. తనకోసం నిలబడిన ఒకే ఒక్క మనిషి ముందు ఆమెను నేను ఓడించాను, నా తరఫున వాదించేలా చేసి. మొదటిసారి నేను చేసింది మంచం మీద పడుకుని చేశాను, కళ్లు మూసుకుని చేశాను. ఇది నిలబడి చేశాను. కళ్లలోకి చూసి చేశాను. హిందూపురం నుంచి తిరిగొచ్చిన ఆ రాత్రి నుంచి మూసిన గదిలో పడుకోలేను. నా భార్య బతికినంతకాలం, చలిలో కిటికీలు తెరవడమేమిటని విసుక్కునేది. అలవాటు అనేవాణ్ని.

రొళ్లకు వెళ్లాలని ఒకసారి బయల్దేరాను. దారిలో మడకశిరలోనే దిగి, టీ తాగి, వెనక్కి వచ్చేశాను. తర్వాత ఆమె పోయిందని తెలిసింది. ఎలా పోయిందో, ఎవరి చేతుల్లో పోయిందో అడగలేదు. ఏ హక్కుతో అడగను?

అన్న కొడుకుల్లో ఎవరైనా ఇది చదివితే గుర్తుపడతారు. పట్టనివ్వండి. మీరు నన్ను క్షమించాలని నేను రాయలేదు. ఆ పని చేయగల మనిషి లేదు, ఉన్నా అడిగే ముఖం నాకు లేదు.

ఆమె తమ్ముడు అన్నదే నిజం. నాకు అంతా జ్ఞాపకం ఉంది. బొగ్గు పోసింది జ్ఞాపకం, గోనె కుక్కింది జ్ఞాపకం, గడప దగ్గర ఆమె ఆగి, తర్వాత లోపలికి వచ్చింది జ్ఞాపకం. నాయన అడిగినప్పుడూ జ్ఞాపకమే. హిందూపురంలో ఆమె అడిగినప్పుడూ జ్ఞాపకమే.

ఇంత రాసి, లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను. మొదటి నుంచి మళ్లీ చదివాను. ఒక్క మాట కూడా కొట్టివేయలేదు.