కుళాయి పక్క మడి

మేము అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో ఉన్న రోజుల్లో నా సొరపాదు ఒకటి కంచె ఎక్కి, రోడ్డు దాటి, ఎదురింటివాళ్ళ మెయిల్‌బాక్స్‌లో కాయ కాసింది. స్టాంపు లేదని పోస్ట్‌మన్ దాన్ని తిప్పి పంపాడు. ఈ సంగతి నమ్మినవాళ్ళు లేరు గానీ వినకుండా లేచిపోయినవాళ్ళూ లేరు. నాకు అంతే కావాలి.

ఆ పాదు పెట్టింది ఒక రష్యన్ ముసలావిడ పెరట్లో. ఆవిడ రష్యాను జార్ చక్రవర్తులు ఏలిన చివరి రోజుల్లో అక్కడొక పల్లెలో పెరిగి, పెళ్ళయ్యాక ఈ దేశం వచ్చింది. ఖాళీగా పడి ఉన్న నేలను మా తెలుగు చర్చివాళ్ళ నాలుగు కుటుంబాలకు కూరగాయలు పెట్టుకోమని ఇచ్చింది. పంచుకోవడం మాత్రం తన ఊరి పద్ధతిలోనే జరగాలంది. అంటే ఒక్కొక్కరికి కుళాయి దగ్గర ఒక సన్నటి నేల చారిక, మధ్యలో ఒకటి, రాళ్ళ మూలన ఒకటి. మంచి నేలా చెడ్డ నేలా అందరికీ రావాలి. ఏటా చీట్లు వేసి మార్చుకోవాలి.

రెండేళ్ళు అలాగే చేశాం. నా గోంగూర దగ్గరికి వెళ్ళాలంటే ఇద్దరి వంకాయలు దాటాలి, దాటినప్పుడల్లా ఆగి మాట్లాడాలి. కార్ల కంపెనీలో ఏ పనికి ఎంతసేపు పడుతుందో కొలిచే ఇంజనీరుని, నాకు ఒళ్ళు మండింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక తోటలోనే మిగతావాళ్ళకి చెప్పాను.

“ఇది ఎఫిషియెంట్ కాదు బ్రదర్. ఎవరిది వాళ్ళకి ఒకేచోట డివైడ్ చేసేద్దాం. కుళాయి పక్కది నేను తీసుకుంటా.”

“కుళాయి పక్కదే ఎందుకు బ్రదర్?”

“ఐడియా నాది కదా.”

ముసలావిడ మెట్ల మీద కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది. మా గొడవ ఏమిటో అడిగి తెలుసుకుని, వాళ్ళ నాన్న సంగతి చెప్పింది. ఊరికి రైలొచ్చాక కుర్రాళ్ళు పట్నం మిల్లులకు పోయారట. తర్వాత ఊరి ఉమ్మడి భూమి నుంచి విడిపోయి నేలంతా ఒకేచోట తీసుకోవచ్చని చట్టం వచ్చింది. వాళ్ళ నాన్న విడిపోయాడు. తమ చెక్క ఇల్లు కూడా విప్పుకుని పొలంలోకి మార్చాడు.

“పంట బాగా పండిందా?” అన్నాను, గెలిచినట్టే.

“బాగా పండింది. కడుపు నిండా రొట్టె తిన్నాం. మా నాన్న తప్పు చేశాడని నేను అనను.” ఒక చిక్కుడుకాయ వలిచింది. “ఊరివాళ్ళు మాట్లాడటం మానేశారు. మా అమ్మ ఆవుతో మాట్లాడేది.”

మా ఆవిడ చీర చెంగు దోపుకుంటూ లేచింది. ఈ ఊళ్ళో ఆవిడకున్న స్నేహమంతా ఆ చారికల గట్ల మీదే పుట్టింది.

“మీకు కావాలంటే కుళాయి పక్కది తీసుకోండి. మిగతా రెండు చారికలూ నాకు ఉండనివ్వండి. నేను వీళ్ళ మధ్యే ఉంటా.”

కుళాయి పక్క చారికను చీట్లలోంచి తప్పించి నా మడిగా తీసుకున్నాను. ఆ వేసవి నా మడి నిజంగానే విరగకాసింది, ఇది కోతలు కొయ్యడం కాదు. టమాటా ఒకటి ఎంత పెరిగిందంటే, అని మొదలుపెట్టి తలెత్తి చూస్తే వినడానికి ఎవరూ లేరు. కుళాయికి ఓ వారగా ఉన్న నా మడి మీదుగా ఎవరికీ దారి లేదు. అందరూ అవతల మా ఆవిడ చారిక దగ్గర నిలబడి నవ్వుతున్నారు. కుళాయి బొట్లు బొట్లుగా కారుతోంది. దానికి చెబుదామా అనిపించి, ఆ ఆవు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

మంచు కరిగాక ముసలావిడ తలుపు కొట్టాను, నా మడిని కూడా చీట్లలో కలపమని.

“మా నాన్నకు మళ్ళీ కలిసే వీలు లేకపోయింది,” అంది, చీట్లు వేయడానికి భర్త పాత టోపీ వెతికి తెస్తూ.

చీట్లలో మూడు చోట్లా చారికలు వచ్చాయి, నా గోంగూరకు మాత్రం రాళ్ళ మూలది దక్కింది. కుళాయి నుంచి బకెట్ మోసుకుంటూ ప్రతి చారిక దగ్గరా ఆగి నిరుటి టమాటా సంగతి చెప్పేవాణ్ణి. గోంగూర దగ్గరికి చేరేసరికి సగం నీళ్ళు ఒలికిపోయేవి, టమాటా మాత్రం గుమ్మడికాయంత అయ్యేది.