రొయ్యల చెరువు గట్టు మీద ధ్యానం

కళ్ళు మూసుకుని కూర్చుంటే లోకం బాగుపడుతుందని నమ్మిన ప్రభుత్వోద్యోగిని నేనొక్కణ్ణే కాదు గానీ, అందుకు సెలవు పెట్టి, శిబిరానికి వెళ్ళి మరీ నేర్చుకొచ్చిన మూర్ఖుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

తొంభైల నడుమ నన్ను భీమవరం దిగువన మురుగు కాలువల సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. పంట కాలువ పొలానికి నీళ్ళు తెస్తుంది. మురుగు కాలువ మిగులు నీటిని సముద్రానికి మోసుకుపోతుంది. ఆ రెండోది మాది. అప్పుడప్పుడే వరిచేలు రొయ్యల చెరువులవుతున్నాయి. చెరువుల్లోని ఉప్పునీళ్ళు, మందునీళ్ళు దొంగతూముల్లోంచి మా కాలువలోకి దిగేవి. చచ్చి తేలిన చేపలను చూసొచ్చిన రోజు నిద్ర పట్టేది కాదు. మా ఆవిడ చేపల పులుసు వడ్డిస్తే సంతాపసభలో ఉన్నట్టు కూర్చునేవాణ్ణి. ఆవిడే విసిగిపోయి నన్ను విపశ్యన శిబిరానికి పంపింది. శ్వాసను గమనించు, వచ్చిందేదైనా పోయేదే, చలించకు అన్నారక్కడ. ఈ సమభావానికి బౌద్ధంలో పేరు ఉపేక్ష. మా శాఖలో ఉపేక్షకు మెమో ఇస్తారు.

తిరిగొచ్చాక నాకు దొరికిన తొలి శిష్యుడు వెంకటరత్నం గారు, మా సెక్షన్లోకెల్లా పెద్ద చెరువుల ఆసామి. ప్రతి శనివారం పొద్దున్నే తన గట్టు మీద చాపలు పరిపించి, నాతో గంటసేపు కూర్చునేవారు. సరిగ్గా సగంలో ఘాటైన కంపు వచ్చేది. నేను ‘కంపు... కంపు...’ అని నిర్వికారంగా గమనించేవాణ్ణి. గంట అయ్యి కళ్ళు తెరిచేసరికి నా మనసూ, కాలువా రెండూ ప్రశాంతంగానే కనబడేవి.

పంట కాలువ నీళ్ళందని దిగువ ఊళ్ళో సత్యవతమ్మ గారి నారుమడికి మా మురుగు కాలువ నీళ్ళే ఆధారం. ఓ సోమవారం ఆవిడ మాడిపోయిన నారుకట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టారు. మళ్ళీ పోసిన నారు కూడా ఇలాగే పోతే ఈ ఏడు ఊడ్పులు లేవన్నారు. అన్నీ అనిత్యమేనని ఓదార్చాను.

“కళ్ళు మూసుకోడం నేర్చుకోడానికి శిబిరం దాకా ఎందుకెళ్ళారండీ? మీ ఆఫీసులో అందరికీ పుట్టుకతోనే వచ్చుగా,” అన్నారావిడ.

ఆ శనివారం మనసు నిలవలేదు. కంపు రాగానే తుమ్మొచ్చింది. కళ్ళు తెరుచుకున్నాయి. ఎదురుగా తూములోంచి నల్లటి నీళ్ళు నురగలు కక్కుతూ కాలువలో పడుతున్నాయి. పక్కన వెంకటరత్నం గారు, బాసింపట్టు చెదరకుండానే, ఒక కన్ను తెరిచి, తూము పలక ఇంకొంచెం ఎత్తమని పాలేరుకి వేలితో సైగ చేస్తున్నారు. నన్ను చూసి ఆ కన్నూ మూసేశారు.

దొంగతూము కనబడితే ముందు నోటీసివ్వాలి. గడువు దాటాక ఇసుక బస్తాలతో మూసెయ్యాలి. ఇచ్చాను. అదీ అనిత్యమే కదండీ అంటూ మడిచి జేబులో పెట్టుకుని, వచ్చే శనివారాలు కూడా మానొద్దని చెప్పారాయన.

సత్యవతమ్మ గారు ఆ ఏడు ఆలస్యంగానైనా ఊడ్చారు. నేనూ ధ్యానం మానలేదు, నిద్ర పడుతోంది. నాకు తెలిసొచ్చింది ఇంతే: సమభావం మనసుకు కావాలి, తూముకు కాదు. దిగులుకు ధ్యానం, ఉప్పునీటికి ఇసుక బస్తా.

ఆ నోటీసు గడువు దాటిన శనివారం మాత్రం ఎప్పటిలాగే వెళ్ళి చాప మీద కూర్చున్నాను. సగంలో గట్టు కింద బస్తాలు పడుతున్న చప్పుడు మొదలైంది. మోసేవాళ్ళను తొందరపెడుతున్న గొంతు సత్యవతమ్మ గారిది.

“ఏవండీ, తూము మూసేస్తున్నారండీ,” అన్నారు వెంకటరత్నం గారు, నా మోకాలు తట్టి.

“చప్పుడు... చప్పుడు... అని గమనించండి,” అన్నాను కళ్ళు తెరవకుండా. “ఇంకా అరగంటుంది.”