తన హద్దుపై తానే ఆక్షేపణ రాసిన అంజయ్య సార్

మొన్న ఉదయం కందుకూరు వైపు భూమి కొలతలకు బయలుదేరుతుండగా అంజయ్య సార్ కూతురు ఫోన్ చేసింది. "అక్కా, బాపు పోయిండు." కొలతల సంచీ గడప మీదే దింపేసి వాళ్లింటికి బయలుదేరాను. ఇబ్రహీంపట్నంలో సుదీర్ఘకాలం సర్వేయరుగా సేవలందించిన ఆ ధన్యజీవి ఇక లేరన్న వాస్తవాన్ని మనసు ఇంకా అంగీకరించడం లేదు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన నాకు పని నేర్పిన గురువు ఆయన. మండుటెండలోనూ తానే ముందు నడిచేవారు. "పటంల మనుషులు కనపడరు బిడ్డా, పోయి సూడాలె" అనేవారు.

చుట్టుపక్కల పంచాయతీలను మునిసిపాలిటీలో కలిపినప్పుడు వార్డుల ముసాయిదా హద్దులు రాసే బాధ్యత ఆయనపై పడింది. జ్వరంతో ఉన్న ఒక వారంలో ఒక్క హద్దును మాత్రం నడవకుండా, పాత పటం చూసి రాశారు.

ఆక్షేపణల గడువు చివరి రోజున లక్ష్మమ్మ అనే కూలీ ఆఫీసుకు వచ్చింది. "సారూ, మా వాడ ఏ వార్డుల ఉన్నది? నల్లాలకు పేర్లు రాసుకునేటోళ్లు మా దిక్కు రాకనే పాయె."

సార్ వెంటనే లేచి ఆమెతో నడిచారు. నేనూ వెళ్లాను. ముసాయిదా ప్రకారం ఒక వార్డు వాగు దగ్గర ముగిసింది. పక్క వార్డు బండ్లబాట అవతల మొదలైంది. నడుమనున్న వాడంతా ఎటూ చెందకుండా మిగిలిపోయింది. ఆయన ముఖం వాడిపోయింది. "తప్పు నాదే తల్లీ, ఈ హద్దు నడవకుంటనే రాసిన" అన్నారు.

ఆఫీసు మూసేలోపు తిరిగొచ్చి, తన ముసాయిదాపై తన పేరుతోనే ఆక్షేపణ రాసిచ్చారు. పై అధికారి నిర్ఘాంతపోయారు.

"నీ మీద నువ్వే రాసుకుంటవా? ఆమెతోని రాయించరాదు? మెమో వస్తది."

"రానియ్యండి సార్. ఆమె రాస్తే పక్కన పెడ్తరు. గీసినోడే రాస్తే తీసుకోక తప్పది."

మెమో వచ్చింది. దక్కవలసిన పదోన్నతి ఆగింది. తుది ప్రకటనలో ఆ వాడ వార్డులో చేరింది, తర్వాత నల్లా నీళ్లూ వచ్చాయి. ఆ మెమోను ఆయన దాచుకోలేదు. కొత్తగా చేరినవాళ్లకు చూపించి, "గిది సదువుండ్రి. నడవకుంటే గిట్లయితది" అనేవారు.

అంత్యక్రియల నాడు ఆ వాడవాళ్లు పనులు మానుకొని వచ్చి, వంతులవారీగా పాడె మోశారు.

ఆయన శిష్యురాలినని చెప్పుకోవడంలో నాకున్న గర్వం ఏ పదవీ ఇవ్వలేదు. ఆ మహనీయ సత్యనిష్ఠకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. రేపు నేను తప్పు చేస్తే, దాన్ని నలుగురిలో ఒప్పుకునే ధైర్యమివ్వడానికి ఇక ఆయన లేరు.