సప్పుడు జెయ్యకుండ్రి

సుల్తాన్‌పూర్ వైద్య పరికరాల పార్కులోని ఆ చిన్న ల్యాబులో ఆమ్నా నోట ఎప్పుడూ వినిపించే మాట ఒకటే: "అరె, సప్పుడు జెయ్యకుండ్రి జెర!" మైక్రోస్కోపు మీదికి వంగే ముందు చున్నీ కొసలు మెడ వెనక్కి ముడేసుకుంటుంది. ఊపిరి కూడా పొదుపుగా వదులుతుంది. చెవికి వినపడని శబ్దంతో, వెంట్రుక మందం కూడా లేని పూసలను సన్నటి నీటిపాయలో ఒక్క వరుసన నిలబెట్టడం ఆమె పని. అది కుదిరితే ఎప్పటికైనా రక్తంలోంచి క్యాన్సర్ కణాలను అలాగే ఏరవచ్చు. కుదిరి చావదు. ఎక్కడి నుంచో ఓ గాలిబుడగ దూరుతుంది, పూసలు చెదిరిపోతాయి, ఆమె పళ్లు నూరుతుంది. ఇవాళ కూడా నిలవకపోతే ఈ పని ఆపేద్దామని మేనేజరు పొద్దున్నే చెప్పి వెళ్లాడు.

"చెవులకు ఇనవడని సప్పుడుకు మన ముచ్చట్లేం అడ్డం మేడం?" అన్నాడు పక్క బల్ల దగ్గరి శ్రావణ్‌కుమార్. "నాకెరుక లేదా? నా పరేషాన్ల నేనున్న!" అని కసిరింది. మధ్యాహ్నం పూసలు ఒక్కొక్కటే వచ్చి దారానికి గుచ్చినట్టు నిలబడ్డాయి. "నిలవడ్డయ్! సూడుండ్రి!" అని అరుస్తూ ఆమ్నా బల్లను అరచేత్తో చరిచింది. నీళ్లు పంపే గొట్టం కదిలింది, బుడగ దూరింది, మైక్రోస్కోపు తెర మీద పూసలు చెల్లాచెదురయ్యాయి. ఎవరూ అడక్కుండానే ల్యాబంతా గప్‌చుప్ అయిపోయింది. ఎర్రబడ్డ అరచేతి వంకే చూసుకుంటూ ఆమ్నా అంది: "ఇగ మాట్లాడుకోండ్రి."