నలభై రెండు నిమిషాల వీపు

కాగితాలమ్మకి ఖాళీ చోటు కనిపిస్తే చాలు, దాని మీద ఒక పాఠం అంటించేది. గోడ, తలుపు, పిండి డబ్బా, ఆఖరికి మొగుడు. ఈ ఆఖరిదాన్నే నేను మొదట చూశాను.

పొద్దున్నే కిక్కిరిసిన సిటీ బస్సులో వేలాడుతున్నాను. ఎక్కడికని అడక్కండి. కాళ్ళలో చక్రాలున్నవాడికి బస్సెక్కడమే పని, దిగడం తర్వాతి మాట. నా ముందు నిలబడ్డ పొడుగాటి మనిషి వీపు మీద, కాలరుకి పెట్టిన రెండు బట్టల క్లిప్పులకి, ఒక కాగితం వేలాడుతోంది. నిండా లెక్కలు. ఎవరో ఆకతాయి పని అనుకుని, పుణ్యముంటుందని చెయ్యి చాచాను.

"ముట్టుకోకండి బాబాయిగారూ," అంది నా పక్కనున్నావిడ. "ఇంకా సగమే అయింది."

"అది ఆయన వీపమ్మా."

"తెలుసు. ఆయన మా ఆయనే."

సదరు ఆయన తల తిప్పకుండానే నాకు నమస్కారం పెట్టాడు. తల తిప్పితే అక్షరాలు కదులుతాయట.

కాసేపటికి ఆవిడ "ఏమండీ, తిరగండి" అంది. ఆయన ఆ ఇరుకులోనే గానుగెద్దులా చుట్టు తిరిగాడు. ఛాతీ మీద రెండో పేజీ ఉంది. ఆయన తిరగాలంటే ఇటు ముగ్గురు, అటు ముగ్గురు తిరగాలి. ఎవరి కాలు నలిగిందో ఏమో, మా వెనక సన్నగా "అయ్యో" అని వినిపించింది. కండక్టరు ఆ చివరినుంచి కేకేశాడు.

"ఆ పేజీ తిప్పేదేదో స్టాపులో తిప్పుకోండమ్మా. నేను టిక్కెట్లు కొట్టాలా వద్దా?"

పడవ నడుపుతూ పద్యాలు వల్లె వేసేవాణ్ణి చూశాను. గొర్రెల వెనక నడుస్తూ వ్యాకరణం చదివినవాణ్ణీ చూశాను. కట్టుకున్నవాణ్ణి వ్యాసపీఠం చేసుకున్నావిడని మాత్రం ఏ దేశంలోనూ చూడలేదు. బస్సు నంబరు గుర్తుపెట్టుకుని మర్నాడూ ఎక్కాను. నెల తిరిగేసరికి, ఆదివారాలు వాళ్ళింట్లో కాఫీ తాగే చుట్టాన్నయిపోయాను.

అసలు సంగతేమిటంటే, ఆవిడ ఒక ఆడిట్ ఆఫీసులో ఉద్యోగం చేస్తూ ఫైనాన్స్‌లో పెద్ద పరీక్ష రాస్తోంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒక అత్తగారు. ఏడు పేపర్లు గట్టెక్కాయి. మిగిలిన ఎనిమిదోది మూడుసార్లు తన్నేసింది. ఈసారీ పోతే గడువు దాటి, పాసైన ఏడూ చెల్లకుండా పోతాయి. మళ్ళీ ఓనమాలనుంచి మొదలు. రోజంతా జల్లెడ పట్టి చూసుకుంటే ఆవిడకి దొరికిన ఖాళీ, బస్సులో నలభై రెండు నిమిషాలు. రెండు చేతులూ పైనున్న కమ్మీకే అంకితం, పుస్తకం పట్టుకునే దారి లేదు. ఎదురుగా మాత్రం రోజూ ఒక వెడల్పాటి వీపు ఊరికే పోతోంది.

"ఊరికే పోతోందని నాకూ తెలీదు బాబాయిగారూ," అన్నాడు వ్యాసపీఠం. "పెళ్ళికి ముందు జీతమెంత అని అడిగారు గానీ, వీపెంత అని అడగలేదు."

ఒకసారి ఆయన క్లిప్పులు తియ్యడం మర్చిపోయి అలాగే తన ఆఫీసుకి వెళ్ళిపోయాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మూడో లెక్కలో తప్పు ఎర్రసిరాతో దిద్ది ఉంది. కింద మేనేజరు సంతకం. ఆవిడ సంబరపడిపోయి, ఆ వారమంతా కావాలనే క్లిప్పులతో పంపించింది.

ఇల్లూ అంతే. అద్దం మీద వడ్డీ సూత్రాలు. పొయ్యి పైన గోడకి ఒక చిన్న పాఠం, పాలు పొంగేలోపు ముగించాల్సింది. ఫ్రిజ్ తలుపు మీద తరుగుదల. రోజుకి ఇరవైసార్లు ఆ తలుపు తీసే అత్తగారికి తరుగుదల కంఠతా వచ్చేసింది.

"ఏమ్మాయ్, మిక్సీకి ఆయుష్షు ఎనిమిదేళ్ళని రాశావు. మనదానికి తొమ్మిదో ఏడు నడుస్తోంది. అంటే దాని విలువ సున్నాయేగా?"

"అవునత్తయ్యా."

"మరి నన్ను సున్నాలో వేసి రుబ్బమంటావేమే?"

ఆ వారమే కొత్త మిక్సీ వచ్చింది. వ్యాసపీఠం నిట్టూర్చాడు. "తరుగుదలకి ఫ్రిజ్ ఎందుకు బాబాయిగారూ, నన్ను చూస్తే అర్థం కాదూ."

పరీక్ష మూడు వారాలుందనగా ఒక వింత గమనించాను. వీపు మీద పేజీలు ముందుకి నడవడం మానేశాయి. మొన్నటి పేజీ ఇవాళ మళ్ళీ ప్రత్యక్షం. ఆవగింజలంత ఉండే అక్షరాలు శనగగింజలంతయ్యాయి. ఆవిడేమో వీపు వంకే చూడటంలేదు. కిటికీ అద్దంలోకి చూస్తోంది.

ఆవిడ వైపు వంగాను. "ఏమ్మా, ఈ పాఠం నిద్దట్లో లేపి అడిగినా చెప్తావే. మళ్ళీ ఇదేమిటి? గడువు గుర్తుందా?"

"మెల్లిగా బాబాయిగారూ. వెనక్కి తిరక్కండి. అద్దంలో చూడండి."

చూశాను. మా వెనక నీలం యూనిఫాంలో ఒకావిడ, యాభైకి దగ్గరపడ్డ మనిషి, మా భుజాల మధ్యనుంచి మెడ సాచి వీపు చదువుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి. భుజాన సంచీలోంచి ఒక పుస్తకం తొంగిచూస్తోంది. కాగితాలమ్మ పుస్తకమే, అదే అట్ట.

"ఆస్పత్రి కౌంటర్లో పనిచేస్తుంది, యూనిఫాం మీద రాసుంది," అంది గుసగుసగా. "నేను రాసే పేపరే. బుర్ర చురుకే గానీ, నాకంటే ఒక పేజీ వెనక. పెదవులు ఆగాయంటే అయినట్టు. అప్పుడు ఈయన్ని తిప్పుతాను."

మొదటి రోజు నేను విన్న "అయ్యో" కాలు నలిగి వచ్చింది కాదని అప్పుడు తెలిసింది. పేజీ ముందే తిరిగిపోయినందుకు.

"పిలిచి ఆ కాగితమేదో చేతికివ్వరాదూ?"

"ఇస్తే సిగ్గుపడి రేపటినుంచి వేరే బస్సెక్కుతుంది."

"మరి నీ చదువో?"

"మధ్యాహ్నం టిఫిన్ బాక్సు మూత మీద కానిస్తున్నా. ఈయన వీపు నాకు ఇంట్లో కూడా ఉంటుంది బాబాయిగారూ. ఆవిడకి బస్సులోనే."

వ్యాసపీఠం కాస్త నిటారుగా నిలబడ్డాడు, అంతే.

పరీక్ష అయ్యాక నా కాళ్ళు ఊరుకోలేదు. కొండల వైపు తిరిగి, అక్కడ పనికిరాని పుస్తకాలు నాలుగు కొనుక్కుని వచ్చేసరికి ఫలితాలు వచ్చేశాయి. పొద్దున్నే ఆత్రంగా బస్సెక్కాను. ముందు కనిపించింది వీపు. వీపు మీద కాగితం.

"పోయిందా తల్లీ?"

"ఎందుకు పోతుంది? మూడు మార్కులు మిగిల్చి మరీ పాసయ్యాను."

"మరి ఈ వేలాడేదేమిటి?"

ఆవిడ కళ్ళతో అద్దం చూపించింది. నీలం యూనిఫాం. కదులుతున్న పెదవులు. "సంచీలో అట్ట మారింది, చూశారా? అంటే ఆ పేపరు గట్టెక్కేసింది. ఇది ఆవిడ తర్వాతి పేపరు, నేనెప్పుడో రాసేసింది."

వాళ్ళు దిగే స్టాపు వచ్చింది. వ్యాసపీఠం టిఫిన్ బాక్సు అందుకున్నాడు.

"మీరెక్కడికి?" అంది ఆవిడ.

"ఆఫీసుకి."

"ఆవిడకింకా అరపేజీ ఉంది. ఆస్పత్రి దాకా వెళ్ళి, నడిచి వచ్చేయండి. నాలుగడుగులు వేస్తే ఒంటికీ మంచిది."

"మరి నన్ను తిప్పేదెవరు?"

ఆవిడ అప్పటికే మెట్లు దిగిపోయింది. వస్తానని ఆయనకీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. కండక్టరు బెల్లు తాడు పట్టుకుని, లాగకుండా ఆగాడు. మా వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.

"కొంచెం తిరుగుతారా అండీ?"

ఇటు ముగ్గురు, అటు ముగ్గురు, బస్సంతా తిరిగింది. కిటికీ అవతల, సంచీ ఊపుకుంటూ పోతున్న కాగితాలమ్మ మాత్రం తిరగలేదు.