అంచున నిలబడ్డ చెల్లెలు

కెమెరాల చూపు సరిచేయడం నా ఉద్యోగం. నలుపు తెలుపు గళ్ల పలకను కెమెరా ముందు అటూ ఇటూ తిప్పి ఫోటోలు తీసి, లెన్స్ తిన్నని గీతలను ఎంత వంచుతుందో లెక్క కడతాం. ఆ లెక్కతో వంకరపోయిన బొమ్మను సరిచేస్తాం. ఇంట్లో నా పని ఎవరికీ అర్థం కాదని నాకు లోలోపల ఉక్రోషం.

చెల్లెలికి సంబంధాలు చూస్తున్న రోజులవి. యాదగిరిగుట్టలో వ్రతం చేసుకున్నాక ఇంటిల్లిపాదికీ నా ఫోన్లోని వైడ్ లెన్స్‌తో ఫోటో తీశాను. అందరూ పట్టాలని చెల్లెల్ని వరుస చివరికి జరగమన్నాను. మా మేనత్త ఆ ఫోటోనే ఆత్మకూరు అబ్బాయివాళ్లకు పంపింది. వారం తిరక్కుండానే రామన్నపేటలో మా ఇంటికొచ్చి, "పిల్ల జర లావుగ కనవడ్తాంది, వద్దంటున్నరు" అని చెల్లెలి ముందే చెప్పేసింది.

నాకు ఒళ్లు మండింది. ఈ ఫోన్లు గోడలు తిన్నగా కనిపించాలని అంచున ఉన్న మనుషులను పక్కకు సాగదీస్తాయి. ఆ సంగతి నాకు తెలుసు. ఇన్నాళ్లకు నా విద్య ఇంటికి అక్కరకొచ్చింది. ఇక కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. ఆ పూటే అదే ఫోన్‌తో గళ్ల పలకను ఫోటోలు తీసి, లెక్క కట్టి, చెల్లెలి ఆకారం సరిచేశాను. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, భుజాల మీద, నడుము మీద గీతలు గీసి, తేడా ఎంతో రాసి మరీ అత్తకిచ్చాను. అత్త వాళ్లకు పంపింది. చుట్టాల గ్రూపులోనూ పెట్టింది. ఆదివారం వస్తామని అబ్బాయివాళ్లు కబురు చేశారు.

గెలిచినవాడిలా చెల్లెలి దగ్గరికి వెళ్లాను. వాకిట్లో కందులు చెరుగుతోంది.

"నేనేమన్న అంగట్ల గొర్రెనా అన్నా, గీతలు గీసి చూపెట్టనీకి?"

"నువ్వు లావు లేవని చెప్పిన గదనే. లెన్స్‌ది తప్పు."

"నిజంగనే లావుంటే? వాళ్లన్నది ఒప్పేనని ఊకుంటుంటివా?"

వాళ్లు దాన్ని లావన్నందుకు కాదు నాకు మండింది, కొలత తప్పినందుకు. అత్త ఒక్క మాటే అంది. నేను దాని ఒంటిని చుట్టాలందరికీ విప్పి చెప్పాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"రావద్దని నువ్వే ఫోన్ జెయ్," అంది.

"ఎందుకని అడిగితే ఏమని చెప్పాలె?"

"పిల్ల లావే, ముందటి ఫోటోనే కరెక్టని చెప్పు."

దాని ఎదురుగా నిలబడే ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను.